సారు మీటింగులో ఉన్నారు

రొయ్యకి చదువు లేదు గానీ చట్టం ఉంది. చదరపు మీటరు చెరువులో వనామీ పిల్లల్ని 60కి మించి వదలకూడదని తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది. పాటిస్తారా లేదా అన్నది వేరే సంగతి గానీ కృష్ణా జిల్లా కృత్తివెన్ను మండలంలో రొయ్యల సాగు చేసేవాళ్లకి ఈ అంకె కొత్తకాదు. పాటించని రైతు సైతం ఎక్కువ వేసిన సీడుకి తగ్గట్టు ఏరేటర్లు పెంచుతాడు. రాత్రిపూట కరెంటు పోతే పరుగెత్తుకెళ్లి జనరేటరు వేస్తాడు. మేత వేశాక చెక్ ట్రే పైకెత్తి ఎంత తిన్నాయో, పేగు నిండిందో లేదో చూసుకుంటాడు. మధ్యమధ్యలో కన్సల్టెంటు బండేసుకుని వచ్చి, నీళ్లు పరీక్ష చేసి, ఏ మందు ఎంత వేయాలో చెప్పి పోతాడు.

అదే రైతు కూతురు బంతుమిల్లి, పెడన మీదుగా బస్సులో బందరు వెళ్లి చదువుకుంటుంది. అక్కడా సెక్షనుకి 60 అనే లెక్కే. అక్కడా కన్సల్టెంటు ఉంటాడు. ఆయన్ని అకడమిక్ కన్సల్టెంటు అంటారు. అంటే పాఠాలన్నీ చెప్పేవాడే గానీ ఉద్యోగి కాడు. లేనిదల్లా చెక్ ట్రే. ఆ పిల్లకి ఎంత అర్థమైందో, ఎక్కడ ఆగిపోయిందో చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా పైకెత్తి చూసే మనిషి ఎవరు? మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల దగ్గర దీనికి సమాధానం లేదనుకుంటే పొరపాటు. చాలా ఘనమైన సమాధానం ఉంది. దాన్ని విద్యార్థి-అధ్యాపక నిష్పత్తి అంటారు.

మన ఉన్నత విద్యలో అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్నది ఈ నిష్పత్తే. భవనాలకి పెచ్చులూడతాయి, హాస్టల్లో చారు పల్చబడుతుంది, గ్రంథాలయానికి పత్రికలు రావడం మానేస్తాయి. నిష్పత్తికి మాత్రం జలుబైనా చేయదు. విశ్వవిద్యాలయాలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందానికి సమర్పించే స్వీయ అధ్యయన నివేదికలో దానికంటూ ఒక గడి ఉంది. గడి ఉన్నాక అంకె ఉండాలి, అంకె ఉన్నాక అది చూడ్డానికి బాగుండాలి. రెగ్యులర్ అధ్యాపకులు చాలకపోతే కాంట్రాక్టు వాళ్లని కలుపుతారు. వాళ్లూ చాలకపోతే గెస్టుల్ని, వాళ్లూ చాలకపోతే కిందటేడు శాలువా కప్పి సాగనంపిన పెద్దాయన్ని గౌరవపూర్వకంగా వెనక్కి పిలిచి లెక్కలో కూర్చోబెడతారు. ఇన్ని చేసినా కుదరకపోతే భగవంతుడే దిగివస్తాడు. పీజీ సీట్లు నిండవు. పిల్లలు తగ్గేకొద్దీ నిష్పత్తి నిగనిగలాడుతుంది. ఆక్స్‌ఫర్డు ట్యుటోరియల్‌లో ఒక అధ్యాపకుడి ముందు ఇద్దరో ముగ్గురో విద్యార్థులు కూర్చుంటారని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. సీట్లు నిండని పీజీ కోర్సుల్లో మనమూ ఆ స్థాయికి చేరుతున్నాం. ఇదే వరసన పోతే పిల్లలొక్కరూ చేరని విభాగమే దేశంలో ఉత్తమ విభాగం కావాలి.

ఆ నివేదికలోనే ఇంకో గడి ఉంది, మెంటర్-మెంటీ అని. విద్యార్థి బాగోగులు కనిపెట్టి ఉండే అధ్యాపకుడు ఒకరుండాలి, ఎందరికి ఒకరో చూపాలి. ఉద్దేశం బంగారం. ఆచరణ ఒక రిజిస్టరు. ఏ విద్యార్థి ఏ రోజు ఏ కష్టం చెప్పుకుందో, మెంటరుగారు ఏ సలహా ఇచ్చారో అందులో తేదీలతో సహా ఉంటుంది. బృందం వచ్చే ముందు రాత్రి కూర్చుని రాసే రిజిస్టర్ల ప్రత్యేకత ఏమిటంటే, మూడేళ్ల కష్టాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో ఉంటాయి. కష్టాలు కూడా రెండే రకాలు: ఇంగ్లీషు భయం, వేదిక భయం. సలహా ఒకటే: బాగా చదవాలి.

నిబంధనలు చెడ్డవని ఎవరైనా అంటే అది అబద్ధం. 2018 యూజీసీ నిబంధనలు చదివితే కడుపు నిండుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరు, ప్రొఫెసరు 14 గంటలు నేరుగా బోధనలో ఉండాలి. ప్రతి అధ్యాపకుడూ రోజుకి కనీసం 5 గంటలు సంస్థలో అందుబాటులో ఉండాలి. కాంట్రాక్టు నియామకాలు తప్పనిసరైనప్పుడే చేయాలి, అవీ మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. ఈ ఆఖరి వాక్యం మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల గోడల మీద ఫ్రేము కట్టించి పెట్టాల్సినంత అమాయకమైనది. ఆ 10 శాతం ఎప్పుడు దాటామో గుర్తున్నవాళ్లు కూడా ఈపాటికి రిటైరయ్యారు. యూజీసీ మనసు మంచిది కాబట్టి, 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో ఆ పరిమితినే ఎత్తేయాలని ప్రతిపాదించింది. తప్పు మానడం కష్టమైనప్పుడు దాన్ని తప్పుల జాబితాలోంచి తీసేయడం తేలిక.

లెక్క కొంచెం చూద్దాం, పెద్ద గణితం అక్కర్లేదు. రెండేళ్ల పీజీ కోర్సులో ఒకేసారి రెండు సెమిస్టర్లు నడుస్తాయి. సెమిస్టరుకి ఐదు పేపర్లు, పేపరుకి వారానికి నాలుగు గంటలు అనుకుంటే మొత్తం 40 గంటల బోధన. వారానికి 14, 16 గంటల లెక్కన ముగ్గురు మనుషులుంటే గానీ పాఠాలే పూర్తికావు. ప్రాక్టికల్సు, ప్రాజెక్టులు, పరిశోధక విద్యార్థులు, పేపర్లు దిద్దడం ఇవన్నీ ఆపైన. విభాగంలో మిగిలింది ఒకే ఒక్క రెగ్యులర్ ఆచార్యులైతే? అప్పుడాయన చేయగలిగింది ఒక్కటే, విభాగాధిపతి కావడం. ఎవరికి అధిపతి అని అడగడం అమర్యాద.

ఖాళీల సంగతి ఎవరో గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, ప్రభుత్వమే అచ్చువేసి చెప్పింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు వచ్చాయి. అందులో ప్రొఫెసర్లు 418, అసోసియేట్ ప్రొఫెసర్లు 801, అసిస్టెంట్ ప్రొఫెసర్లు 2,001. సగటు తీస్తే ఒక్కో విశ్వవిద్యాలయానికి 179 కుర్చీలు ఖాళీ. ఉద్యోగాలిస్తున్నామన్న ఆ ప్రకటనని తిరగేసి చదివితే, ఇన్నాళ్లూ ఇంతమంది లేకుండానే పట్టాలిచ్చామన్న ఒప్పుకోలు కనిపిస్తుంది. అభ్యర్థులు ఫీజులు కట్టారు, ప్రచురించిన వ్యాసాలన్నీ స్కాన్ చేసి ఎక్కించారు, పాయింట్లు కూడుకున్నారు. తర్వాత రిజర్వేషన్ల రోస్టరు దగ్గరా పోస్టుల హేతుబద్ధీకరణ దగ్గరా పేచీలొచ్చి వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. నోటిఫికేషను రావడం, కోర్టుకెక్కడం, అభ్యర్థికి వయసు మీరడం ఈ మూడూ మన దగ్గర ఒకే ప్రక్రియలో మూడు దశలు. అంతకుముందు ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్లదీ ఇదే నడక. కనుక ఏ పార్టీవాళ్లూ ఇక్కడ నవ్వుకోవాల్సిన పనిలేదు.

తెలంగాణ వాళ్లు నవ్వుకోవడానికి అసలే లేదు. 1918లో నిజాం స్థాపించిన ఉస్మానియాతో సహా అక్కడి విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టులు సగానికి పైగా ఖాళీ. నియామకాల కోసం ఉమ్మడి బోర్డు పెడదామని 2022 సెప్టెంబరులో శాసనసభ బిల్లు పాస్ చేస్తే అది రాజ్‌భవన్ గడప దగ్గర ఆగింది. 2024 మేలో పది విశ్వవిద్యాలయాల ఉపకులపతుల పదవీకాలం ఒకేసారి ముగిస్తే, ఐఏఎస్ అధికారుల్ని ఇన్‌ఛార్జులుగా కూర్చోబెట్టారు. సచివాలయంలో ఫైళ్లు చూసుకుంటూ తీరిక దొరికితే విశ్వవిద్యాలయం నడిపే పద్ధతి అది. 2025 జనవరిలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయసు 60 నుంచి 65కి పెంచారు. కొత్తవాళ్లని తేలేకపోతే ఉన్నవాళ్లని పోనివ్వకపోవడం ఒక పరిష్కారమే. అయిదేళ్ల తర్వాత ఏం చేస్తారన్నది అప్పటి ఇన్‌ఛార్జి చూసుకుంటాడు.

మళ్లీ బందరు వద్దాం. అక్కడి కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది. అప్పటిదాకా ఈ జిల్లా కాలేజీలన్నీ నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. డిగ్రీ చదివిన కృత్తివెన్ను కుర్రాడు సర్టిఫికెట్టులో అచ్చుతప్పు దిద్దించుకోవాలంటే కృష్ణ దాటి గుంటూరు వైపు పరుగెత్తాల్సి వచ్చేది. సొంత విశ్వవిద్యాలయం రావడం దివిసీమకీ, గుడివాడకీ, బందరుకీ నిజంగానే మేలు. తొలి ఏళ్లు ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రాంగణంలో నడిచింది, తర్వాత రుద్రవరంలో సొంత ప్రాంగణం లేచింది. భవనానికి ఒక సౌకర్యం ఉంది. టెండరు పిలవొచ్చు, శంకుస్థాపన చేయొచ్చు, శిలాఫలకం మీద పేర్లు చెక్కించొచ్చు. పాత పేర్లు నచ్చకపోతే కొత్త ఫలకం పెట్టొచ్చు. ప్రొఫెసరుకి రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదు. రాష్ట్రంలో గత రెండు దశాబ్దాల్లో వచ్చిన జిల్లా విశ్వవిద్యాలయాల కథలన్నీ దాదాపు ఇలాంటివే. గేటు ముందు వచ్చింది, ఆర్చి తర్వాత వచ్చింది, అధ్యాపకుడు దారిలో ఉన్నాడు.

ఇంతకీ ఉన్న కొద్దిమంది ప్రొఫెసర్లు దొరుకుతారా అంటే, దొరకరని ఎవరన్నారు? చాలా చోట్ల దొరుకుతారు. ఒకే ఆచార్యులు ఏకకాలంలో విభాగాధిపతి, డీను, పరీక్షల కోఆర్డినేటరు, హాస్టలు వార్డెను, నాణ్యతా విభాగం డైరెక్టరు, ఫలానా మహనీయుడి అధ్యయన పీఠానికి ఇన్‌ఛార్జి. తలుపు మీద బోర్డు రాసే పెయింటరుకి చోటు చాలక ఆఖరి పదవిని చిన్న అక్షరాల్లో ఇరికిస్తాడు. ఆ తలుపు ముందు నిలబడ్డ పిల్లకీ అటెండరుకీ మధ్య జరిగే సంభాషణ విశ్వవిద్యాలయం ఏదైనా ఒక్కటే.

"సార్ ఉన్నారాండీ?"

"మీటింగులో ఉన్నారమ్మా."

"ఎప్పుడొస్తారండీ?"

"ఇంకో మీటింగుంది."

"ప్రాజెక్టు మీద సంతకం..."

"అక్కడ పెట్టి వెళ్లు. సంతకం అయిపోద్ది."

చివరి వాక్యం గమనించాలి. సంతకం అవుతుంది. ఆలస్యమైనా తప్పకుండా అవుతుంది. ప్రాజెక్టు ఎవరూ చదవరు, సంతకం మాత్రం తప్పదు. మన వ్యవస్థకి విద్యార్థి మీద ఉన్న ప్రేమ అక్కడే కనబడుతుంది.

ఈ మీటింగులు దేనికని అడిగితే, ఎక్కువ భాగం విద్యార్థి కేంద్రిత బోధన ఎలా పెంచాలన్న దాని మీదే. 2020 జాతీయ విద్యా విధానం బోధన ఆహ్లాదకరంగా ఉండాలని, విద్యార్థులతో మాట్లాడేందుకు అధ్యాపకులకు తగినంత సమయం ఉండాలని కోరింది. ఆ కోరిక ఎలా తీర్చాలో చర్చించడానికి ఒక కమిటీ, ఆ కమిటీకి ఉపసంఘం, ఉపసంఘానికి మినిట్సు. ఇవన్నీ అయ్యేసరికి విద్యార్థితో మాట్లాడాల్సిన గంట అయిపోతుంది.

ముఖ గుర్తింపు హాజరు కూడా వచ్చింది. ఉదయం సెల్ ఫోను ముందు ముఖం చూపిస్తే ఆచార్యులు వచ్చినట్టు. మంచిదే. ఉన్న ముఖాన్ని గుర్తించడానికి యంత్రం కొన్నారు. లేని 3,220 ముఖాల్ని గుర్తించే యంత్రం మార్కెట్లోకి ఇంకా రాలేదు.

ఇక పాఠం ఎవరు చెబుతున్నారు? గెస్టు ఫ్యాకల్టీ. వీళ్లని వెక్కిరించడం అన్యాయం, ఎందుకంటే తరగతి గదిలో నిజంగా నిలబడుతున్నది వీళ్లే. పీహెచ్‌డీ, నెట్టు, సెట్టు అన్నీ ఉండి గంటకింత అని లెక్కగట్టించుకుంటున్నవాళ్లు. గెస్టు ఫ్యాకల్టీకి ఒక్కో పాఠానికి 1,500 రూపాయలు, నెలకి 50,000 రూపాయల దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2019 జనవరిలో చెప్పింది. ఆ కాగితం ఢిల్లీలో బయలుదేరి రాష్ట్ర విశ్వవిద్యాలయాల దాకా వచ్చేసరికి దారి ఖర్చులకే చాలా భాగం కరిగిపోతుంది. వేసవి సెలవుల్లో గంటలుండవు కాబట్టి జీతమూ ఉండదు. ఉదయం ఒకచోట పాఠం చెప్పి మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ప్రైవేటు కాలేజీకి పరుగెత్తాలి. ఆయనకి గది లేదు, టేబులు లేదు, తలుపు మీద బోర్డు అసలే లేదు. అందువల్ల ఒక మేలు జరుగుతోంది. ఆయన్ని కలవాలంటే అటెండరుని అడగక్కర్లేదు. బండి స్టాండు దగ్గర హెల్మెట్టు పెట్టుకుంటూ ఉంటారు. రుద్రవరం అయినా విశాఖ అయినా, మన ఉన్నత విద్యలో ఎక్కువ సందేహాలు తీరేది సైకిల్ షెడ్డులోనే. ఏ నివేదికలోనూ ఆ షెడ్డుకి గడి లేదు.

అంతకన్నా సులభంగా దొరికే విద్యావేత్త ఇంకొకాయన ఉన్నాడు. జిరాక్సు షాపాయన. ఉదయం ఎనిమిదికి తెరుస్తాడు, రాత్రి తొమ్మిదిదాకా ఉంటాడు, మీటింగులు లేవు. యూజీసీ అడిగిన 5 గంటలకి రెండింతలకు పైగా అందుబాటులో ఉన్న మనిషి. గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు, ఏ యూనిట్లో ఏ ప్రశ్న తిరిగి వస్తుందో, ఏ సీనియరు నోట్సు చక్కగా ఉందో అన్నీ నోటి మీద. సిలబసు మారిన సంగతి కొన్ని కాలేజీలకి ఆయన చెబితేనే తెలుస్తుందంటే అతిశయోక్తే, కానీ పెద్ద అతిశయోక్తి కాదు. పేజీకి రూపాయి తీసుకుంటాడు గనక ఆయన్ని నిష్పత్తిలో కలపలేదు. వచ్చే న్యాక్ దఫాకి ఆ అవకాశాన్ని పరిశీలించవచ్చు.

తరగతిలో మంది ఎక్కువైతే చదువు చెడుతుందన్న వాదన ఒకటి ఉంది. దాన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. అక్కడ సీఎస్ 61ఏ అనే మొదటి కంప్యూటర్ కోర్సులో ఒక్కో సెమిస్టరుకి వెయ్యిమందికి పైగా చేరిన సందర్భాలున్నాయి. పాఠం పెద్ద హాల్లోనూ వీడియోలోనూ నడుస్తుంది. తర్వాత ఆ వెయ్యిమందినీ చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి టీఏలకి (టీచింగ్ అసిస్టెంట్లకి) అప్పగిస్తారు. ఆఫీస్ అవర్స్ అని వారం వారం టైముంటుంది, ఆ టైములో వెళ్తే సందేహం అడగొచ్చు, క్యూ ఉంటుంది, విసుగు పుడుతుంది, కానీ క్యూ చివర ఒక మనిషి ఉంటాడు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆ కుర్చీలో కూర్చునే టీఏల్లో మన తెలుగు పిల్లలు ఎందరో. ఇక్కడ చదివినన్నాళ్లూ తమ ప్రొఫెసరు గది లోపల గోడలకి ఏ రంగు వేశారో చూడని పిల్లలు, అక్కడికెళ్లి వేరే దేశపు పిల్లలకి అడగ్గానే దొరికే మాస్టార్లవుతున్నారు. పద్ధతి ఉంటే మనవాళ్లూ అందుబాటులో ఉండగలరని రుజువైంది, కాకపోతే రుజువు డాలర్లలో ఉంది.

అంతదూరం ఎందుకు, దివిసీమలో అవనిగడ్డ ఉంది. డీఎస్సీ కోచింగుకి ఎక్కడెక్కడి జిల్లాలనుంచో నిరుద్యోగులు అక్కడికి వచ్చి గదులద్దెకి తీసుకుని చదివారు. పెద్ద హాలు, మైకు, కిక్కిరిసిన బెంచీలు. న్యాక్ బృందం చూస్తే నిష్పత్తికి కళ్లు తిరిగి పడిపోయేది. అయినా ఉద్యోగం కావలసినవాడు అక్కడికే వెళ్లాడు. కారణం మరీ నిగూఢమైనదేం కాదు: గంట కొట్టేసరికి చెప్పేవాడు వచ్చేవాడు. మంది నేరం కాదు, మనిషి లేకపోవడమే నేరం. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెలో చుట్టేస్తుంది కాబట్టే అధికారులకి నిష్పత్తి అంటే అంత ప్రీతి.

మనిషి లేకపోయినా నడుస్తుందని ఒకప్పుడు మన దగ్గర పెద్ద ప్రయోగమే చేశారు. 2008లోనే పల్లెటూరి పిల్లల కోసం ఆర్జీయూకేటీ అనే విశ్వవిద్యాలయం పెట్టి, నూజివీడుతో కలిపి మూడు చోట్ల ట్రిపుల్ ఐటీలు తెరిచారు. చోటుకి రెండేసి వేలమంది పిల్లలు. ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్‌రెడ్డి దానికి తొలి కులపతి. ఆలోచనలో తప్పులేదు. ప్రతి పిల్లకీ లాప్‌టాప్, పాఠాలు తెర మీద, గదిలో మెంటరు. పదో తరగతి దాటిన కూలీల పిల్లలకి ఉచితంగా ఇంజనీరింగు దాకా దారి తెరిచిన సంస్థ అది. వాళ్లలో వేలమంది బాగుపడ్డారు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం పాపం. కానీ తెర మీది పాఠం తాత్కాలికం, వెనకాల అధ్యాపకులు వస్తారనుకున్నారు. తాత్కాలికం అన్న మాటకి మన ప్రభుత్వ భాషలో పదవీకాలం లేదు. 2023 నోటిఫికేషన్ల నాటికి కూడా ఆ ట్రిపుల్ ఐటీల్లో భర్తీ చేయాల్సిన పోస్టులు వందల్లోనే ఉన్నాయి.

పూర్వం అంతా స్వర్ణయుగం అనేవాళ్లతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి గానీ, వాళ్ల దగ్గర కొన్ని గట్టి ఉదాహరణలున్నాయి. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి దగ్గర విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు చదువుకున్నారు. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా వచ్చి, చేసిన మొదటి పనుల్లో ఒకటి మంచి అధ్యాపకుల్ని వెతికి తేవడం. కృష్ణా జిల్లావాడైన సూరి భగవంతం అక్కడ భౌతికశాస్త్రంలో చేరి ముప్పై నిండకుండానే ప్రొఫెసరయ్యాడు. పింగళి లక్ష్మీకాంతం తెలుగు శాఖలో పాఠం చెప్పాడు. నోటిఫికేషను, స్టే, వెకేట్, మళ్లీ నోటిఫికేషను అనే నాలుగు మెట్లు అప్పట్లో ఇంకా కట్టలేదు.

అప్పుడు ఆ గదుల్లో కూర్చున్నదెవరో కూడా చెప్పుకోవాలి. చాలావరకు పై కులాలవాళ్లు, చాలావరకు మగవాళ్లు, ఇంట్లో పుస్తకాల అలమరా ఉన్నవాళ్లు. వాళ్లకి గురువు గదిలో దొరక్కపోతే చుట్టాలింట్లోనైనా దొరికేవాడు. పల్లెపాలెం నుంచి వేటకెళ్లేవాళ్ల పిల్లలు, పొలం పనికెళ్లే తల్లుల కూతుళ్లు విశ్వవిద్యాలయం గడప తొక్కడం మొన్నమొన్నటి సంగతి. వాళ్లకి సబ్జెక్టు గురించి మాట్లాడటానికి ఇంట్లో ఎవరూ లేరు, ఊళ్లో ఎవరూ లేరు, ప్రొఫెసరొక్కడే దిక్కు. సరిగ్గా వాళ్లు లోపలికి వచ్చిన తరంలోనే కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇది ఎవరూ కావాలని చేసిన కుట్ర కాకపోవచ్చు. కుట్ర చేసేవాళ్లు కూడా ఇంత పకడ్బందీగా చేయలేరు.

దీనికి తోడు 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి 77వ నంబరు జీవో వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివే పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగింది. ఆశ్రయం కావాలంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయానికే వెళ్లండన్నట్టు. వెళ్లారు. అక్కడ ప్రాజెక్టు కాగితం అటెండరు దగ్గర పెట్టి వచ్చారు. డబ్బున్నవాళ్ల పిల్లలు తాడేపల్లి వైపు ప్రైవేటు విశ్వవిద్యాలయాలకి వెళ్లి, లక్షలు కట్టి, అక్కడి మెంటర్-మెంటీ రిజిస్టర్లలో సంతకాలు పెడుతున్నారు. అవి రంగు కాగితాల మీద ఉంటాయి.

పరిశోధన సంగతి ఒక్క ముక్కలో: ప్రొఫెసరుకి 8 మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు పీహెచ్‌డీ విద్యార్థుల దాకా తీసుకోవచ్చన్నది నియమం. కుర్చీ ఖాళీ అయితే ఆ సీట్లూ ఖాళీయే. 418 మంది ప్రొఫెసర్లు లేరంటే 3,344 మంది పరిశోధకులకి చోటు లేదని. రేపటి అధ్యాపకులు తయారవ్వాల్సింది వాళ్లలోంచే.

కృత్తివెన్ను, బంతుమిల్లి, నాగాయలంక తల్లిదండ్రులకి ఒక మనవి. అడ్మిషన్ల కాలంలో కరపత్రం మీది నిష్పత్తి, ర్యాంకు, గ్రేడు పక్కనబెట్టి రెండే ప్రశ్నలు అడగండి. మా అమ్మాయి చేరే విభాగంలో మంజూరైన పోస్టులెన్ని? రెగ్యులర్‌గా పనిచేస్తున్నవాళ్లు ఎవరెవరు, పేర్లతో సహా? ఇది రహస్యం కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఉద్యోగుల జాబితా, నెలజీతాలు ప్రతి ప్రభుత్వ సంస్థా అడగకుండానే బయటపెట్టాలి. పెట్టకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారికి దరఖాస్తు రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. ఆయన మీటింగులో ఉన్నా సరే, గడువు మాత్రం ఆగదు.